కర్ర కొసన చదువు

నేను ఒక రూళ్లకర్రని. దీవెన చనిపోయిన రోజు మధ్యాహ్నం నేను నాలుగో తరగతి మార్కుల రిజిస్టరు మీద దొర్లుతూ ఉన్నాను.

దొర్లడమే నా పని. నేను అడుగున్నర పొడవు, బొటనవేలంత లావు, గుండ్రంగా ఉంటాను. కాగితం మీద నన్ను పెట్టి, పక్కనే పెన్సిలు ఆనించి లాగితే గీత వస్తుంది. కాస్త దొర్లించి మళ్లీ లాగితే దాని కిందనే ఇంకో గీత. ఆ రోజు నన్ను దొర్లిస్తున్నది సాలోమి టీచరు. దీవెన ఆమె పెద్ద కూతురు, ఏడేళ్లది. అదే బడిలో రెండో తరగతి. మూడు రోజులుగా జ్వరం వచ్చి పోతూ ఉంటే, పొద్దున మాత్ర వేసి, పరీక్ష ఉందని బడికి తీసుకొచ్చింది.

ఆయమ్మ తలుపు దగ్గరికి వచ్చి చెప్పింది. "టీచర్‌గారూ, మీ పాప బల్ల మీద తల పెట్టుకోని పడుకుంది. పిలిస్తే పలకట్లేదండీ."

"వస్తున్నా. ఈ పేజీ ఒక్కటి గీసేసి వస్తా."

ఆ పేజీ అయ్యాక ఇంకో పేజీ ఉంది. ఆ సాయంత్రానికి రిజిస్టరు మీద ముప్ఫై రెండు గీతలు ఉండాలని హెడ్‌మాస్టరు అన్నాడు. అరగంట పట్టింది. ముప్ఫై రెండూ తిన్నగా వచ్చాయి. గుంటూరు ఆసుపత్రికి చేరేసరికి పాప ఒళ్లు చల్లబడుతోంది. చీకటి పడకముందే పోయింది. డాక్టరు సాలోమి భర్తతో అన్నాడట, "అరగంట ముందు తెచ్చినా ఇంతేనండీ, లోపల అప్పటికే చాలా జరిగిపోయింది" అని. ఆ మాట ఆమెకి చెప్పారు. విన్నది. నమ్మలేదు.

నా గురించి కొంచెం చెప్పుకోనివ్వండి. లేకపోతే ఇలాంటి కర్ర ఆ చేతిలోకి ఎలా వచ్చిందో మీకు తెలియదు.

నన్ను చేసింది బ్రహ్మం అనే వడ్రంగి. రేపల్లె దగ్గర ఒక ఊళ్లో మిషను బడికి బెంచీలు చేస్తుండగా తుమ్మచెక్క ముక్క ఒకటి మిగిలింది. దాన్ని పారేయడానికి ఆయనకి చేతులు రాలేదు. చిత్రిక పట్టి, గాజుముక్కతో గీకి, నూనె రాసి బడి హెడ్‌మాస్టరు దేవసహాయం గారి బల్ల మీద పెట్టి వెళ్లాడు. తిన్నని గీత కోసం పుట్టాను. కానీ మనుషుల దగ్గర ఏ వస్తువూ ఒక్క పనితో బతకలేదు. మాస్టారు నాతో గీతలు గీశారు, బల్ల మీద కొట్టి పిల్లల్ని నిశ్శబ్దం చేశారు, వేసవిలో వీపు గోక్కున్నారు. పిల్లల్ని కొట్టలేదని చెప్పుకోవాలని ఉంది. అది అబద్ధం. కొట్టారు. ఆయన రిటైరైన రోజు, నా దెబ్బలు తిన్నవాళ్లే గడ్డాలూ మీసాలతో వచ్చి, దండలు వేసి, ఎవరికి ఎన్ని పడ్డాయో చెప్పుకుని విరగబడి నవ్వారు. దెబ్బ పాతబడితే ప్రేమ అయిపోతుందని మనుషుల నమ్మకం. పడిన రోజు వాళ్ల ముఖాలు ఎలా ఉండేవో నేను చూశాను కాబట్టి నాకు నవ్వు రాలేదు.

మాస్టారి కూతురే సాలోమి. ఆమెకి టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన నన్ను పాత వార్తాపత్రికలో చుట్టి ఇచ్చారు. "గీతకి వాడమ్మా. మిగతావాటికి నేను వాడాను, చాలు" అన్నారు. ఆమె నవ్వి తీసుకుంది. పదకొండేళ్లు గీతకీ, అక్షరాలు చూపించడానికీ తప్ప వాడలేదు.

దీవెన పోయిన నెలకి ఆమె ఉద్యోగం మానేసింది. కొడుకు యోనాకి అప్పుడు అయిదేళ్లు, ఎల్‌కేజీ అయింది. చిన్నది నిస్సీకి రెండున్నర. బడి తెరిచే రోజు వచ్చింది, యోనా యూనిఫారం వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆటో వచ్చి హారన్ కొట్టింది. సాలోమి వాడి భుజాలు పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, బూట్లు విప్పేసింది.

"నువ్వు ఇంట్లోనే చదువుకుంటావు. నేనే టీచర్ని" అంది.

వాడు అడిగాడు. "మరి ఇంటర్‌వెల్ ఉంటదా?"

భర్త జీవరత్నం కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరు. తక్కువ మాటల మనిషి. ఆయన అడిగింది ఒక్కటే. "ఎన్నాళ్లు?" ఆమె యోనా బూట్లు తీసి బీరువాలో పెట్టేసింది. ఆయన మళ్లీ అడగలేదు. ఆయనకీ ఆటో వెనక వాడు కూర్చుని వెళ్తుంటే చూసే ధైర్యం లేదేమో.

ఊరు ఊరుకోదు కదా. పక్కింటి ఆవిడ గోడ మీదుగా, "ఏందమ్మా, మీ పిల్లోళ్లకి ఇంకా సెలవులేనా?" అనేది. కూరగాయల బండివాడు కూడా అడిగాడు. సాలోమి మొదట్లో తడబడింది. తర్వాత ఒక జవాబు దొరికింది. "ప్రభువు నాకీ పని అప్పగించాడండీ. నా పిల్లల్ని వాక్యంలో నేనే పెంచాలని పిలిచాడు." ఆ జవాబు విన్నవాళ్లు ఇంకేమీ అడిగేవాళ్లు కాదు. దేవుడి పేరు పెట్టిన తలుపుని తట్టడానికి ఎవరికైనా మొహమాటమే. నాలుగుసార్లు చెప్పాక ఆమెకే అది నిజమనిపించింది.

నేను ఆ ఇంటి బడికి వచ్చాను. దాన్ని చూసి ఎగతాళి చేయాలని నాకు లేదు. చాలా మంచి బడి అది. తెల్లారి జీవరత్నం క్యారేజీ పట్టుకుని వెళ్లగానే సాలోమి చాప పరిచేది. పాట, ప్రార్థన, తర్వాత హాజరు. ఇద్దరు పిల్లలకి హాజరు ఏమిటని మీరు నవ్వొచ్చు. ఆమె నవ్వేది కాదు.

"ఎం. యోనా."

"ప్రజెంట్ టీచర్."

"ఎం. నిస్సీ."

"అన్నయ్య కూడా ప్రజెంట్ టీచర్!" అని నిస్సీ ఇద్దరికీ కలిపి చెప్పేది.

బీరువా తలుపుకి నల్లరంగు వేస్తే అదే నల్లబల్ల. చింతపిక్కలతో లెక్కలు. బడిగంట లేదు కాబట్టి కుక్కరే గంట. మూడో విజిల్ వస్తే లెక్కల పీరియడు అయిపోయినట్టు. యోనా రెండో విజిల్ నుంచే పిక్కలు డబ్బాలో పోయడం మొదలుపెట్టేవాడు. "మూడోది ఇంకా రాలేదురా" అంటే, "వస్తదిలేమ్మా, పప్పు ఉడకద్దా?" అనేవాడు. పప్పు పొంగి స్టవ్ ఆరిపోవడం, నిస్సీ సుద్దముక్క తినడం, ఉతికిన బట్టల మధ్య కూర్చుని గుణింతాలు పాడటం, మధ్యలో ఫోను మోగితే ఒక చేత్తో చపాతీ పిండి, ఇంకో చేత్తో నేను. అలసిపోయి మధ్యాహ్నం గోడకి ఆనుకుని, "పదిహేను నిమిషాలు ఎవరూ అమ్మా అనొద్దు" అని ఆమె కళ్లు మూసుకునేది. పిల్లలు నిజంగానే అమ్మా అనేవాళ్లు కాదు. "టీచర్" అనేవాళ్లు.

ఆ బడిలో నా ఉద్యోగం చదివించడం. గోధుమరంగు అట్ట కాగితం మీద సాలోమి బొటనవేలంత అక్షరాలతో బైబిల్లోని వాక్యభాగం రాసి గోడకి అతికించేది. నన్ను పట్టుకుని, నా కొసని ఒక్కో మాట కింద పెట్టేది. కొస పెట్టిన మాట యోనా చదవాలి. ముందు ఆమె ఒకసారి చదివి వినిపించేది, తర్వాత వాడు. దీవెన నాలుగేళ్లకే అలాగే చదవడం నేర్చుకుంది. నా కొస దాటి ముందుకి పరుగెత్తేది ఆ పిల్ల, నేను అందుకోలేకపోయేవాణ్ని.

యోనా అలా కాదు. వాడు నాతో పాటే నడిచేవాడు. నేను ఎక్కడ ఆగితే అక్కడ ఆగేవాడు. నేను కదిలితే మాట వచ్చేది. ఒక్క అక్షరం పొల్లు పోయేది కాదు. ఆమె ముఖం వెలిగేది. "శభాష్ నాన్నా!"

నాకు మాత్రం తెలుసు. వాడి చూపు అక్షరం మీద ఉండేది కాదు. నా కొస మీద ఉండేది.

ఆ ఇంట్లో పిల్లలు మాట కంటే ముందు వాక్యం వింటారు. తల్లి ఊయల ఊపుతూ చెబుతుంది, తండ్రి అన్నం దగ్గర చెబుతాడు, ఆదివారం అందరూ కలిసి చెబుతారు. కంఠత వాక్యం తప్పు లేకుండా చెప్పిన పిల్లవాడికి గుడిలో పెన్సిలు బహుమతి. యోనాకి రెండుసార్లు వింటే ఏదైనా నోటికి వచ్చేసేది. అలాంటి చెవి ఉన్నవాడికి కన్నుతో పనేముంది? వాడు మోసం చేయలేదు. చదవడం అంటే అదే అనుకున్నాడు. అమ్మ కర్ర కదిలిస్తుంది, మనం మాట చెబుతాం, అమ్మ నవ్వుతుంది. అమ్మ నవ్వే పని ఆ ఇంట్లో ఇంకొకటి లేదు.

ఒకసారి ఆమె బీరువా తలుపు మీద కొత్త మాట రాసింది, "తలుపు" అని. నన్ను దాని కింద పెట్టింది. యోనా నా కొసని చూశాడు, ఆమె పెదవులు చూశాడు, "దాహం వేస్తందమ్మా" అన్నాడు. నీళ్లు తాగి వచ్చాడు. "కడుపులో నొప్పి" అన్నాడు. ఆమె దాన్ని చెరిపేసింది.

నాలుగేళ్లు దాటిన నిస్సీ ఒకరోజు చాప మీద బొమ్మలు గీస్తూ తలెత్తకుండానే అంది. "అన్నయ్య అక్షరాలు చూడడమ్మా. కర్రనే చూస్తాడు."

"నువ్వు నీ పని చూసుకో" అంది సాలోమి.

ఆ క్షణం నా మీద ఆమె వేళ్లు బిగుసుకున్నాయి. పదకొండేళ్లు బడిలో చదువు చెప్పిన చెయ్యి అది. దానికి తెలియకుండా ఉండదు. కానీ తెలుసుకుంటే పిల్లవాణ్ని ఎవరికైనా చూపించాలి, ఎవరితోనైనా చెప్పాలి. చెబితే, "బడికి పంపించకూడదా మరి?" అంటారు. కాబట్టి తెలుసుకోలేదు. నేనూ చూశాను, నేనూ పలకలేదు. కర్రలు పలకవని మీరు అనవచ్చు. అదే నా సాకు కూడా.

తర్వాత మంగళవారం గుడిలో స్త్రీల కూడికలో, దేవుడు చేసిన మేళ్ల గురించి సాక్ష్యాలు చెప్పమన్నారు. సాలోమి లేచి నిలబడింది. "మా బాబుని నేను ఇంట్లోనే చదివిస్తున్నాను. ఏడో ఏడు నిండకుండానే వాక్యం గడగడా చదువుతున్నాడు. అంతా దేవుని కృప" అంది. నలభైమంది "ఆమెన్" అన్నారు. ఒకామె కళ్లు తుడుచుకుంది, కూతురు పోయినా ఎంత నిబ్బరమని. సండేస్కూలు పటాలు చూపించడానికి నన్ను తెచ్చుకునేది కనక నేను ఆమె సంచిలోనే ఉన్నాను. చెప్పేసిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి ఆ కూడికలో లేదు.

పిల్లల ఆదివారం వచ్చింది. ఆ రోజు ఆరాధన అంతా పిల్లలే నడుపుతారు. వాక్యం చదవడం యోనా వంతు. విత్తనాలు చల్లే రైతు కథ అనుకున్నారు. గోడ మీద నెలరోజులుగా అదే కాగితం. వాడు నిద్రలో లేపినా చెప్పేవాడు. తెల్లచొక్కా వేసి, తల దువ్వి, ముందు వరసలో కూర్చోబెట్టారు.

ఆ వారమే తుఫాను వచ్చి వెళ్లింది. సంఘంలోని పడవలవాళ్లు రెండు రోజులు ఆచూకీ లేక, మూడో రోజు ప్రాణాలతో ఒడ్డుకి చేరారు. వాళ్లంతా ఆ ఉదయం కుటుంబాలతో వచ్చారు. పాస్టరుగారికి అది చూసి మనసు నిండింది. ఆరాధన మొదలయ్యే ముందు గబగబా సాలోమి దగ్గరికి వచ్చారు.

"అమ్మా, ఈ రోజు విత్తనాల కథ వద్దనుకుంటన్నా. దోనె తుఫానులో చిక్కుకున్న భాగం చదివిద్దాం. మనవాళ్లు తిరిగొచ్చారు కదా. చిన్నదే, ఏడు వచనాలు. బాబు చదవగలడు కదా?"

యోనా ఆమె పక్కనే ఉన్నాడు. తల పైకెత్తి ఆమెని చూశాడు. ఆమె వాడి వైపు చూడలేదు.

"చదువుతాడండీ" అంది.

ఒక్క మాట. నేను ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను, ఆమె కాదని ఉంటే ఎంత చిన్న విషయమో కదా అని. "లేదండీ, అది నేర్చుకోలేదు" అంటే అయిపోయేది. పాస్టరుగారు "సరేలేమ్మా" అనేవారు. కానీ చదవడం వచ్చినవాడు ఏదైనా చదువుతాడు. నలభైమంది ఆమెన్ అన్నారు.

పాస్టరుగారు పుస్తకంలో ఆ భాగం ఎక్కడుందో చెప్పారు. గుడి నిండా పేజీలు తిప్పిన చప్పుడు. ఇక్కడ ఒకరు చదువుతుంటే మిగతావాళ్లు ఊరికే వినరు, తమ తమ పుస్తకాలు తెరిచి వరస కింద వేలు పెట్టి వెంబడిస్తారు. రెండువందల వేళ్లు మొదటి మాట కింద సిద్ధంగా నిలిచాయి. యోనా పీట ఎక్కి నిలబడ్డాడు. పెద్ద బైబిలు వాడి ముందు తెరిచి ఉంది. వాడు దాన్ని కొంచెంసేపు చూశాడు. తర్వాత తల్లి కోసం చూసి, ఆమె కనబడగానే నెమ్మదించి, చక్కటి గొంతుతో మొదలుపెట్టాడు.

విత్తనాలు చల్లే రైతు కథ చెప్పాడు.

వేళ్లు కదలబోయి ఆగాయి. కొందరు తప్పు పేజీ తీశామేమోనని వెనక్కి తిప్పారు. పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగిచూశారు. ఒక్కొక్క తలా పైకి లేచింది. యోనాకి ఏమీ తెలియలేదు. దారి పక్కన పడ్డ గింజల దాకా వచ్చేశాడు. పాస్టరుగారు వంగి, పేజీ మీద తన వేలు పెట్టి, మెల్లగా అన్నారు. "ఇక్కణ్నించి నాన్నా. ఇది చదువు."

వాడు ఆ వేలిని చూశాడు. వేలు కదల్లేదు. మైకు ముందే ఉంది కాబట్టి వాడి మాట గుడి చివర్న చెప్పుల దగ్గర కూర్చున్నవాళ్లకి కూడా వినబడింది.

"అమ్మా, కర్ర తేవా? కర్ర పెడితే చదువుతానండీ."

నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, పిల్లల మీద పెద్దలు నవ్వే నవ్వే. జీవరత్నం తుఫానుకి పడిపోయిన స్తంభాల పనిలో ఉండి రాలేదు. ఆయన అక్క రాజమణి మాత్రం మూడో వరసలో ఉంది. ప్రభుత్వ బడిలో ముప్ఫై ఏళ్లుగా ఒకటో తరగతి చెబుతున్న మనిషి. ఆమె నవ్వలేదు. కళ్లద్దాలు తీసి పిల్లవాణ్నే చూసింది.

పాస్టరుగారు వాడి తల నిమిరి, ఆ భాగం తానే చదివేశారు. "జనాన్ని చూస్తే పిల్లలకి బెదురు సహజం" అన్నారు. అందరూ సాలోమి వైపు చూశారు. ఆమె అవునన్నట్టు తలూపింది. అప్పుడు కూడా.

ఇంటికి వచ్చారు. ఆమె చెప్పులు విప్పలేదు. సంచిలోంచి నన్ను తీసింది.

"చెయ్యి చాపు."

యోనా చాపాడు. ఇంతకుముందు ఆ చెయ్యి ఎందుకు చాపమన్నా అందులో ఏదో ఒకటి పెట్టడానికే కాబట్టి, పూర్తిగా విప్పి చాపాడు.

రెండు దెబ్బలు. "నా పరువు తీశావు. అందరి ముందూ నా పరువు తీశావు." రెండు మాటలకి రెండు.

కొట్టింది ఆమె, నేను కాదు అని తప్పించుకోవచ్చు. కానీ ఆ మెత్తటి అరచెయ్యి తగిలింది నాకు. ఎన్ని వేల గీతలు గీశాను, ఏ ఒక్కదానికీ నాకు నేను బరువుగా అనిపించలేదు. ఆ రోజు అనిపించింది.

వాడు ఏడవలేదు. చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు, ఏదో అంటినట్టు. తర్వాత గోడ మీది కాగితం దగ్గరికి వెళ్లి, రోజూ నిలబడేచోట నిలబడ్డాడు.

"ఇప్పుడు కర్ర ఉంది కదమ్మా. చదవనా?"

ఆమె కదల్లేక కదిలి వెళ్లింది. చెయ్యి అలవాటుగానే నన్ను మొదటి మాట కింద పెట్టింది. వాడు చెప్పాడు. రెండో మాట. చెప్పాడు. మూడోదీ చెప్పాక ఆమె ఆగింది. తర్వాత నన్ను కాగితం చివరికి తీసుకెళ్లి, ఆఖరి మాట కింద పెట్టింది. యోనా నాలుగో మాట చెప్పాడు. ఆమె నన్ను వెనక్కి జరిపింది. వాడు ముందుకి చెప్పాడు. కింద నుంచి పైకి, కుడి నుంచి ఎడమకి, ఒక్కో మాట వెనక్కి వెనక్కి నేను నడిచాను. వాడు ఒక్క తప్పు లేకుండా ముందుకి ముందుకి వెళ్లాడు. గింజలు రాతినేల మీద పడ్డాయి, ముళ్లలో పడ్డాయి, మంచి నేలలో పడి మొలిచాయి. ఆఖరి మాట వాడి నోటి నుంచి వచ్చేసరికి నేను కాగితం మీద నాలుగో మాట కింద ఉన్నాను.

వాడు తిరిగి ఆమె ముఖం చూశాడు. శభాష్ కోసం.

నిస్సీ గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూస్తోంది. చెప్పాను కదా అనలేదు. నాలుగేళ్ల పిల్లకి ఉన్న మర్యాద అది.

మధ్యాహ్నం రాజమణి చేపల పులుసు గిన్నె పట్టుకుని వచ్చింది. సాలోమి వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. రాజమణి గిన్నె దించి, పీట లాక్కుని కూర్చుంది.

"అన్నాలు తిన్నారా?"

"పిల్లలు తిన్నారు వదినా."

"నువ్వు తినవులే. తప్పు చేసినోళ్లు ముందు అన్నం మానేస్తారు, దాంతో అది ఒప్పైపోయినట్టు. ఎన్నాళ్లనుంచి తెలుసు నీకు?"

సాలోమి ఇటు తిరిగి, "నిస్సీ చెప్పింది. అయిదారు నెలలు" అంది.

"నాకు చెప్తే నేనేం కొరుక్కుతింటానా? బళ్లో వెయ్యమంటానని భయమా? మా బళ్లో ఇట్టాంటోళ్లు ఎంతమంది ఉన్నారో తెలుసా? పాఠం మొత్తం నోటికి చెప్తారు, పేజీ తిప్పితే గాలి చూస్తారు. బళ్లో ఉన్నంత మాత్రాన చదువు రాదు, ఇంట్లో ఉంటే పోదు. నువ్వు ఆడి కళ్లు చూడలా. అంతే."

"నేను దేవుడు పిలిచాడని చెప్పాను వదినా, అందరికీ. పిలుపేం కాదు. భయం. ఆటో హారన్ వినలేకపోయాను."

"తెలుసులేవే."

"అందరికీ తెలుసా?"

"అందరికీ ఎందుకు తెలుస్తది? అందరికీ దేవుడి మాట చెప్పావు కదా, నమ్మారు." రాజమణి కొంగుతో ముఖం తుడుచుకుంది. దీవెన ఆమెకి మేనకోడలు, ఆ ఇంట్లో మొదటి బిడ్డ. "అది నాకూ పోయింది సాలోమీ. నువ్వొక్కదానివే తల్లివైనట్టు ఉంటావు."

తర్వాత లేచి, గిన్నెలు సర్దుతూ అంది. "రేపట్నుంచి అక్షరాలు మళ్లీ మొదలుపెట్టు. వరసలో కాదు, కలగలిపి. వాక్యం వద్దు, పాట వద్దు, ఆడికి నోటికొచ్చింది ఏదీ వద్దు. శనివారం నేనొస్తా. ముందు ఆ కర్ర తీసెయ్. ఆడి వేలు ఆడే పెట్టుకుంటాడు."

నా ఉద్యోగం అలా పోయింది. దానికి నాకు బాధ లేదు.

వంటింటి కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటుంది. అది పడకుండా నన్ను అడ్డం పెట్టారు. అక్కడి నుంచి చాప కనబడుతుంది, ఒకవైపు పోపు పొగ, ఒకవైపు వాన తుంపర. నూనె మెరుపు పోయింది. తిన్నదనం ఇంకా ఉంది, దానితో ఎవరికీ పని లేదు. ఇక్కడ నాకు ఆలోచించుకోవడానికి తీరిక దొరికింది.

నాలుగు నెలలైంది. మొదటి నెల నరకం. యోనాకి దాహాలూ కడుపునొప్పులూ మళ్లీ వచ్చాయి. అక్షరాల్ని కలగలిపి చూపిస్తే తెల్లముఖం వేసేవాడు. సాలోమి గొంతు పెంచకుండా మళ్లీ చెప్పేది, మళ్లీ. శనివారాలు రాజమణి వచ్చి పప్పుల పాకెట్లూ, అగ్గిపెట్టెలూ, కరెంటు బిల్లూ ముందేసి, "ఏడ్రా 'క', పట్టుకో చూద్దాం దొంగని" అనేది. ఒకరోజు అన్నం తింటూ వాడు ఆగిపోయి, అలమర మీది పాకెట్టుని చూస్తూ, "కం... ది... ప... ప్పు" అన్నాడు. తర్వాత ఆశ్చర్యంగా, "అమ్మా, దాని మీద కందిపప్పు అనే ఉంది!" అని అరిచాడు. ఇన్నాళ్లూ అక్కడ ఇంకేదో ఉంటుందనుకున్నాడేమో. ఇప్పుడు నెమ్మదిగా చదువుతాడు. తప్పులు దొర్లుతాయి. వేలు పెట్టుకుని, నాలుక బయటపెట్టి, నిజంగా చదువుతాడు.

సాలోమి మంగళవారం కూడికకి వెళ్లి సాక్ష్యం దిద్దుకుంది కూడా. నన్ను తీసుకెళ్లలేదు. వచ్చాక రాజమణికి ఫోనులో చెబుతుంటే విన్నాను. "నిలబడి చెప్పేశాను వదినా. మా బాబుకి చదవడం రాదు, వచ్చని మీకు అబద్ధం చెప్పాను, పిలుపు అన్నది కూడా భయమేనని చెప్పాను." అవతల ఏదో అడిగారు. "ఏమంటారు? ఎంత తగ్గింపు మనసు అన్నారు. ఆమెన్ అన్నారు. ఒకామె నా చేతులు ముద్దుపెట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను" అంది.

మనుషులు నాకు ఎప్పటికీ పూర్తిగా అర్థం కారు. నలభైమంది ముందు నిలబడి తప్పు ఒప్పుకున్న ఆమె, చాప మీద తన మోకాలికి ఆనుకుని కూర్చున్న ఏడేళ్లవాడితో మాత్రం మాట పెగల్చలేకపోతోంది. ప్రయత్నిస్తుంది. రెండు మూడుసార్లు పాఠం మధ్యలో, "యోనా, ఆ రోజు..." అని మొదలుపెట్టింది. వాడు తలెత్తేసరికి, "ఆ రోజు చెప్పిన ఒత్తు గుర్తుందా?" అని మార్చేసింది. పుస్తకం మీదుగా ఆమె చెయ్యి గబుక్కున ముందుకి వస్తే, వాడి అరచెయ్యి దానంతటదే ముడుచుకుంటుంది. వాడికి తెలియకుండానే ముడుచుకుంటుంది. ఆమె చూస్తుంది. పేజీ తిప్పుతుంది.

అది దానంతటదే పాతబడి, పెద్దయ్యాక వాడు నవ్వుకుంటూ చెప్పుకునే కథ అవుతుందని ఆమె ఎదురుచూస్తోందేమో నాకు తెలియదు. ఆమె టీచరు, మాస్టారి కూతురు, చక్కగా మాట్లాడటం తెలిసిన మనిషి. ఆ మాట పెద్దదేమీ కాదు.

కొట్టినందుకు ఆమె యోనాని ఇంతవరకు క్షమాపణ అడగలేదు.